నల్లమల దారిలో గోల చేయాలా.. గమ్మున వెళ్లాలా? ప్రాణం కాపాడేది ఏ శబ్దం?

మిరప కోతలు జోరుగా సాగే రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. వినుకొండ, నరసరావుపేట, కంభం, మార్కాపురం వైపు నుంచి శివదీక్ష తీసుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా శ్రీశైలం నడుస్తారు. పత్తి చేలు, మిరప కల్లాలు దాటినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. దోర్నాల దాటాక సీన్ మారిపోతుంది. అక్కడి నుంచి శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు దాదాపు అంతా అడవే. అదీ మామూలు అడవి కాదు.. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దదిగా చెప్పే నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం.

ఈ దారిలో నడిచేవాళ్లకు వినిపించే సలహాలు రెండు. ఒకరేమో 'అడవిలో గోల చేయొద్దు, నిశ్శబ్దంగా వెళ్లండి' అంటారు. ఇంకొకరేమో 'గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి, జంతువులు దగ్గరికి రావు' అంటారు. తుమ్మలబైలు దగ్గర సఫారీ జీపు ఎక్కినవాళ్లు గొంతు తగ్గించి గుసగుసలాడుతుంటారు. అదే రోడ్డు మీద పది అడుగుల అవతల పాదయాత్ర బృందం స్పీకర్ పెట్టుకుని పాటలతో వెళ్తుంటుంది. ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

నిజానికి తెలుగులో దీనికి సమాధానం ఎప్పటి నుంచో ఉంది. 'అలికిడి' వేరు, 'గోల' వేరు. మనిషి వస్తున్నాడని దూరం నుంచే తెలియజేసేది అలికిడి. చుట్టుపక్కల ఇంకేమీ వినపడకుండా చేసేది గోల. అడవి దారిలో మొదటిది ప్రాణాలు కాపాడుతుంది. రెండోది ప్రాణాల మీదకు తెస్తుంది. ఈ తేడా ఎవరూ సరిగ్గా చెప్పకపోవడమే అసలు సమస్య.

పులి ఇప్పుడు 'ఎక్కడో లోపల' లేదు

2022 జాతీయ పులుల గణనలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు ఉన్నట్టు తేలింది. అంతకు ముందు, 2018 లెక్కలో 48. అంటే నాలుగేళ్లలో 15 పెరిగాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ పులులు పెరిగితే వాటికి కావాల్సిన చోటు కూడా పెరుగుతుంది. అడవి అంచున ఉన్న ఊళ్లకు ఈ సంగతి లెక్కలు రాకముందే తెలిసిపోయింది. ఎర్రగొండపాలెం, అర్ధవీడు, గిద్దలూరు మండలాల్లో చిరుత అడుగులు, పులి జాడలు అన్న వార్తలు కొత్తేమీ కాదు. 2023 వేసవిలో పల్నాడు జిల్లా దుర్గి మండలం గజాపురం వైపు పులి సంచారంతో అటవీ శాఖ ఊళ్లను అప్రమత్తం చేసింది. అదే ఏడాది మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు ఊరి పక్కనే దొరికాయి. తల్లి పులితో వాటిని కలపడానికి అధికారులు ఎంత ప్రయత్నించినా కుదరలేదు. చివరికి పిల్లలను తిరుపతి జూకు తరలించారు.

అంటే చేను ఎక్కడ ఆగిందో, అడవి ఎక్కడ మొదలైందో ఖచ్చితంగా గీత గీయలేని పరిస్థితి. దేవుడి దర్శనానికి నడిచేవాళ్లకే కాదు.. తెల్లారకముందే చేలోకి వెళ్లే రైతుకు, కట్టెలకు వెళ్లే మహిళకు, సెలవు రోజు ఎత్తిపోతల, నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి చూడ్డానికి బైకులేసుకుని వెళ్లే కుర్రాళ్లకు, అందరికీ ఇది వర్తిస్తుంది.

తిరుమల నేర్పిన పాఠం.. రెండు ఘటనలు, రెండు ఫలితాలు

2023 జూన్. అలిపిరి నడకదారిలో ఏడో మైలు దగ్గర రాత్రి వేళ ఓ బాలుడిని చిరుత నోట కరుచుకుని లాక్కెళ్లింది. చుట్టూ ఉన్నవాళ్లు, భద్రతా సిబ్బంది కేకలు వేస్తూ వెంటపడ్డారు. చిరుత బాబును వదిలేసి పారిపోయింది. గాయాలతో ఆ చిన్నారి బతికాడు.

దాదాపు ఏడు వారాలు. ఆగస్టు 11 రాత్రి అదే దారిలో ఆరేళ్ల పాప. తల్లిదండ్రుల కంటే కాస్త ముందు నడుస్తోంది. మరుసటి రోజు ఉదయం లక్ష్మీనరసింహస్వామి గుడి సమీపంలో మృతదేహం దొరికింది.

రెండు ఘటనల మధ్య తేడా ఏంటి? మొదటి దాంట్లో మనుషులు దగ్గర్లో ఉన్నారు, వెంటనే చూశారు, అరిచారు. రెండో దాంట్లో పాప గుంపు నుంచి కొన్ని అడుగులు విడిపోయింది. చిరుత వేట తీరే అంత. ఎదురుగా వచ్చి గాండ్రించే జంతువు కాదది. పొదల్లో నక్కి, గుంపులో చిన్నగా, విడిగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది.

ఆ తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం కొన్ని నిబంధనలు పెట్టింది. మధ్యాహ్నం 2 గంటల తర్వాత 12 ఏళ్లలోపు పిల్లలను నడకదారిలో అనుమతించలేదు. భక్తులను గుంపులుగా పంపారు. ఘాట్ రోడ్డులో సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు బైకులు ఆపేశారు. జంతువులకు పండ్లు, కూరగాయలు పెట్టొద్దని హెచ్చరించారు. ఇంకా.. చేతికి కర్రలు ఇచ్చారు.

ఆ కర్రల మీద సోషల్ మీడియాలో నడిచిన ట్రోలింగ్ అంతా ఇంతా కాదు. 'కర్రతో చిరుతను కొడతారా?' అని మీమ్స్ వేశారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, రాత్రి చేను కాపలాకు వెళ్లే ఏ రైతును అడిగినా కర్ర ఎందుకో చెబుతాడు. కొట్టడానికి కాదు. నేల మీద, రాయి మీద తడుతూ వెళ్తే మనిషి వస్తున్నట్టు తెలుస్తుంది. పైకెత్తి పట్టుకుంటే మనిషి ఆకారం పెద్దగా కనిపిస్తుంది. కర్ర ఇచ్చినవాళ్లు ఈ రెండు ముక్కలు కూడా గట్టిగా చెప్పి ఉంటే ఆ ట్రోలింగ్‌లో సగం ఉండేది కాదేమో.

వంగి పనిచేసే మనిషి.. చిరుత కంటికి మనిషి కాదు

2024 జూన్‌లో నంద్యాల - గిద్దలూరు దారిలోని పచ్చర్ల దగ్గర కట్టెల కోసం వెళ్లిన ఓ మహిళను చిరుత చంపేసింది. గిద్దలూరు జనానికి ఆ ఊరు కొత్త కాదు, ఘాట్ రోడ్డు మీద రోజూ దాటేదే.

కట్టెలు ఏరడం, గడ్డి కోయడం, పత్తి తీయడం.. ఇవన్నీ వంగి, ఒక్కరే, మాట్లాడకుండా చేసే పనులు. నిటారుగా నిలబడి మాట్లాడే మనిషిని చూస్తే చిరుత సాధారణంగా తప్పుకుంటుంది. వంగి నిశ్శబ్దంగా కదులుతున్న ఆకారాన్ని మేకో, జింకో అనుకునే ప్రమాదం ఉంది. అందుకే అడవి అంచు పొలాల్లో ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకుంటూ పనిచేయడం, మధ్యమధ్యలో లేచి నిలబడటం ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. బహిర్భూమికి చీకట్లో ఒంటరిగా వెళ్లడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

ఎలుగుబంటి సంగతి పూర్తిగా వేరు

నల్లమలలో నడిచేవాళ్లు పులికి భయపడతారు. కానీ దగ్గర్నుంచి ఎదురుపడితే పులికన్నా ముందు మీద పడేది ఎలుగుబంటే. దానికి చూపు మందం. వాసన పసిగట్టడంలో దిట్ట. చెదపుట్ట తవ్వి పురుగులను పీల్చేటప్పుడు అది చేసే శబ్దానికి పక్కన మనిషి నడిచొచ్చినా దానికి వినపడదు. మనిషి మలుపు తిరుగుతాడు, ఎలుగు తలెత్తుతుంది, మధ్యలో పది అడుగులు. పారిపోవడానికి చోటు లేదనుకుంటే అది దాడి చేస్తుంది. వీపు మీద పిల్లలుంటే ఇక చెప్పక్కర్లేదు. ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం ఇలా హఠాత్తుగా ఎదురుపడినవే అన్నది వన్యప్రాణి నిపుణులు చాలాకాలంగా చెబుతున్న మాట.

కాబట్టి అలికిడి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే. మలుపు ముందు, పొదలు దట్టంగా ఉన్నచోట, వాగు హోరులో మన అడుగుల చప్పుడు కలిసిపోయే చోట గొంతెత్తి మాట్లాడాలి. చప్పట్లు కొట్టాలి. ఇప్పపూలు రాలే, తునికి పండ్లు పండే వేసవి తెల్లవారుజాముల్లో ఇంకా జాగ్రత్త. ఆ పూలు, పండ్ల కోసం మనుషులూ వెళ్తారు, ఎలుగులూ వస్తాయి.

అమెరికా, కెనడా పార్కుల్లోనూ ఎలుగుల దారిలో ఇదే సూత్రం. అక్కడ కొందరు బ్యాగుకు చిన్న గంటలు కట్టుకుంటారు. అవి చాలవని, మనిషి గొంతే మేలని కెనడా పార్కుల శాఖ చెబుతుంది. గంట శబ్దం కొంచెం దూరంలోనే కరిగిపోతుంది. మనిషి మాట అలా కాదు, మనిషి మాటలాగే వినిపిస్తుంది.

ఇక చిన్నప్పుడు అందరూ చదువుకున్న కథ ఒకటుంది కదా.. ఎలుగు రాగానే ఒకడు చెట్టెక్కుతాడు, ఇంకొకడు ఊపిరి బిగబట్టి చచ్చినట్టు పడుకుంటాడు. ఆ కథ సగమే నిజం. చెట్టెక్కడం దండగ, నల్లమల ఎలుగు చెట్లెక్కడంలో ఆరితేరింది. పడుకోవడం ఆఖరి మార్గం. అది మీద పడే క్షణంలో బోర్లా పడి, చేతులతో మెడ వెనుక భాగాన్ని కప్పుకోవాలి. వెల్లకిలా పడితే ముఖం పోతుంది. ఎలుగు గాయాలు ఎక్కువగా తల, ముఖం మీదే ఉంటాయి. ఊపిరి బిగబట్టడంతో ఒరిగేదేమీ లేదు.

ఏనుగుల దగ్గర మాత్రం రివర్స్

నల్లమలలో ఏనుగుల మందలు లేవు. కానీ గుంటూరు, ప్రకాశం వైపు నుంచి తలకోన, శేషాచలం వైపు ట్రెక్కింగ్‌కు వెళ్లే కుర్రాళ్లు తక్కువేం కాదు. వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది 2025 ఫిబ్రవరి ఘటన. శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దారిలో రాత్రి వేళ నడుస్తున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేశాయి. ముగ్గురు చనిపోయారు.

చీకట్లో అడవి దారి, చుట్టూ ఏనుగుల గుంపు. ఇలాంటి చోట 'అరిస్తే పారిపోతుంది' అన్న లెక్క పనిచేయదు. పిల్లలున్న మందను కేకలతో, టపాకాయలతో, టార్చి లైటు కళ్లలో కొట్టి బెదిరిస్తే అది ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఏనుగు కనిపిస్తే మాట ఆపేసి, వచ్చిన దారినే చప్పుడు లేకుండా వెనక్కి తగ్గడమే. ఫొటో సంగతి మర్చిపోవడమే. అసలు ఏనుగులు తిరిగే అడవిలో రాత్రి నడక పెట్టుకోకపోవడం అన్నిటికన్నా మంచిది.

స్పీకర్ పెడితే భద్రతేనా?

పాదయాత్ర బృందాల్లో ఈ మధ్య బ్లూటూత్ స్పీకర్ తప్పనిసరి అయిపోయింది. ట్రాలీ ఆటోలో సౌండ్ బాక్స్ పెట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. 'ఈ సౌండుకు పులి కూడా రాదు' అన్నది వాళ్ల ధీమా.

ఇక్కడే పొరపాటు. స్పీకర్ ముందుగా చెవుడు తెప్పించేది పులికి కాదు, నడిచేవాళ్లకు. అడవి తనంతట తానే హెచ్చరికలు ఇస్తుంది. చిరుతో, పులో కదిలితే దుప్పి ఒక్కసారిగా అరుస్తుంది. చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు గట్టిగా కూస్తుంది. నెమలి ఉన్నట్టుండి గొడవ చేస్తుంది. నల్లమలలో చెంచులు ఈ కూతలను బట్టే ఏ పొదలో ఏముందో అంచనా వేస్తారు. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో, పులుల జాడ తీసే పనిలో చెంచు యువకులను పెట్టుకున్నది ఈ తెలివి కోసమే. స్పీకర్ మోగుతుంటే ఈ హెచ్చరికల్లో ఒక్కటీ వినపడదు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఒక్కరే నడిచేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్ల నుంచి అలికిడీ ఉండదు, వాళ్లకు అడవి మాటా వినపడదు.

ఇంకో సంగతి మిరప, మొక్కజొన్న రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అడవి పందుల కోసం చేలో డబ్బాలు కొడతారు. కుక్కల అరుపులు, మనుషుల కేకలు రికార్డు చేసి మైకులో రాత్రంతా వదులుతారు. మొదటి వారం పందులు రావు. రెండో వారం దూరం నుంచి చూస్తాయి. ఆ తర్వాత మైకు పక్కనే చేను తొక్కుతాయి. రోజూ ఒకేలా మోగే శబ్దం వెనుక మనిషి లేడని వాటికి అర్థమైపోతుంది. అడవి దారిలో మోగే పాటకూ చివరికి అదే గతి పట్టొచ్చు.

పోనీ, జంతువు నిజంగా భయపడిందే అనుకుందాం. దానికయ్యే నష్టం తక్కువేం కాదు. 2023లో దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కు ప్రాంతంలో చేసిన ఓ పరిశోధన ఫలితం అందర్నీ ఆశ్చర్యపరిచింది. నీటి గుంటల దగ్గర దాచిన స్పీకర్లలో ఒకసారి సింహం శబ్దాలు, ఒకసారి మామూలుగా మాట్లాడుకునే మనుషుల గొంతులు వినిపించారు. సింహం కన్నా మనిషి మాట విన్నప్పుడు జంతువులు పారిపోయే అవకాశం రెట్టింపు ఉన్నట్టు తేలింది. నీటిని వదిలి వెళ్లడం 40 శాతం వేగంగా జరిగింది. ఏనుగులు, ఖడ్గమృగాలు కూడా అంతే. అక్కడ వినిపించింది డీజే కాదు, మామూలు మాటలే!

దీన్ని నల్లమలకు అన్వయిస్తే విషయం అర్థమవుతుంది. శివరాత్రి నుంచి ఉగాది దాకా నడక సీజన్. సరిగ్గా అప్పుడే వాగులు ఎండుతాయి. అటవీ శాఖ సాసర్ పిట్లలో నీళ్లు నింపి జంతువులను ఆదుకుంటుంది. ఆ నీటి పక్కన పది మంది కూర్చుని పాటలు పెట్టి భోజనాలు చేస్తే దాహంతో వచ్చిన దుప్పి వెనక్కి పోతుంది. దాని వెనుక వచ్చే చిరుత కూడా. రెండూ ఎటు వెళ్తాయి? నీళ్లు ఎక్కడుంటే అటు.. చాలాసార్లు అది ఊరి చెరువో, చేలో డ్రిప్ పైపో అవుతుంది.

కాబట్టి నడిచేటప్పుడు మలుపుల్లో, పొదల్లో మాట. నీళ్ల దగ్గర మాట తగ్గించి, ఆగకుండా దాటిపోవడం. సఫారీ జీపులో పూర్తి నిశ్శబ్దం.. ఎందుకంటే అక్కడ మనిషి బండిలో ఉన్నాడు, హఠాత్తుగా ఎదురుపడే ప్రమాదం లేదు, పైగా జంతువును చూడ్డానికే వెళ్లాడు. బోర్డు మీద 'నిశ్శబ్దం పాటించండి' అన్న రెండు ముక్కలు జీపు ఎక్కినవాడికి సరిపోతాయి కానీ కాలినడకన వెళ్లేవాడికి సరిపోవు. అటవీ శాఖ ఈ తేడాను బోర్డుల మీద విడమరిచి రాయాల్సిన అవసరం ఉంది.

కాలి కింద ఉన్నదాని మాటేంటి?

పాముల విషయంలో అరుపులు దాదాపు దండగ. నేల అదిరితే వాటికి తెలుస్తుంది. కర్రతో తడుతూ, బరువుగా అడుగులు వేస్తూ వెళ్తే నాగుపాము, జెర్రిపోతు లాంటివి సాధారణంగా పక్కకు తప్పుకుంటాయి. కానీ రక్తపింజరి రూటే వేరు. చాలాసార్లు కదలదు, ఉన్నచోటే చుట్ట చుట్టుకుని బుస కొడుతుంది. పత్తి చేలలో పనిచేసేవాళ్లకు ఈ బుస తెలుసు. స్పీకర్ మోగుతుంటే అదీ వినపడదు. కాబట్టి పాము దగ్గర చప్పుడు కన్నా చెప్పులు, టార్చి లైటు ముఖ్యం. మొక్కు కోసం చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు కనీసం చీకట్లో నడక మానుకోవాలి. తేనెపట్టు ఉన్న కొండచరియల కింద పొగ పెట్టి వంట చేయడం, రాళ్లు విసరడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

చట్టం ఏమంటోంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో జంతువులను వేధించడం, చెత్త వేయడం నేరం. పులుల అభయారణ్యాల్లో పర్యాటక వాహనాలు జంతువుకు కనీసం 20 మీటర్ల దూరంలో ఉండాలని జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. దోర్నాల - శ్రీశైలం రోడ్డులో వాహనాలకు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అనుమతి లేదు. ఉగాది, శివరాత్రి రద్దీలో ఈ వేళలు సడలించే సందర్భాల్లోనే రిస్క్ ఎక్కువ. రోడ్డు దాటే జంతువు ఎదురైతే హారన్ కొట్టి, లైట్లు ఎగరేసి తొందర పెట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇంజిన్ నెమ్మదిగా ఉంచి ఆగితే అది ఒక నిమిషంలో తన దారిన పోతుంది.

కానీ చట్టంతో నడక నేర్పలేం. ఈ పని చేయగలిగేది బృందాన్ని నడిపించే గురుస్వాములే. 41 రోజుల దీక్షలో నియమాలన్నీ చెబుతారు కదా.. దాంతో పాటు అడవి నియమాలు కూడా చెబితే వినని స్వామి ఉండడు. చిన్న పిల్లలు బృందం మధ్యలో, పెద్దల చెయ్యి పట్టుకునే నడవాలి. ముందు ఒక పెద్ద మనిషి, చివర ఒక పెద్ద మనిషి, ఇద్దరి చేతుల్లో కర్ర, టార్చి. పొద్దుగూకే లోపు మకాం. నామస్మరణ గొంతుతోనే, స్పీకర్ కట్. నామం చెప్పి ఆగినప్పుడు మధ్యలో వచ్చే ఆ నాలుగు క్షణాల నిశ్శబ్దంలో అడవి ఏమంటోందో వినాలి.

అయినా చిరుతో, పులో ఎదురైతే పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లలుంటే వంగకుండా, మోకాళ్ల మీద కూర్చోకుండా చప్పున భుజానికెత్తుకోవాలి. దానివైపే చూస్తూ, అందరూ ఒక్కచోట చేరి, గట్టిగా మాట్లాడుతూ, అడుగు అడుగు వెనక్కి వేయాలి. జేబులో ఫోన్ జేబులోనే ఉండాలి. వీడియో తీయడానికి ఒకడు గుంపు నుంచి నాలుగడుగులు పక్కకు వెళ్తే, చిరుత చూసేది ఆ ఒక్కడినే.